అప్‌డేట్: డమ్మీ అవుట్‌పుట్ పోయింది, ల్యాప్‌టాప్‌లో సౌండ్ వచ్చింది

మొన్న నేను అడిగింది ఇది: ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక స్పీకర్లు, మైకు రెండూ పనిచేయలేదు. సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే కనిపించేది, అంటే అసలు సౌండ్ పరికరమేదీ దొరకలేదని. యూఎస్‌బీ హెడ్‌సెట్ పెడితే మాత్రం బాగానే వినిపించేది.

సౌండ్‌ని నడిపే పైప్‌వైర్ ప్రోగ్రామ్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేకపోయింది. ఉండదు కూడా, ఎందుకంటే కెర్నెల్‌కే (సిస్టమ్ మూలభాగానికే) సౌండ్ కార్డు దొరకలేదు. మీలో ఒకరు చెప్పినట్టు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టి డీమెసేజ్ (కెర్నెల్ సందేశాల లాగ్) చూస్తే, ఎస్‌ఓఎఫ్ (సాఫ్) ఫర్మ్‌వేర్, అంటే సౌండ్ చిప్‌లో నడిచే సాఫ్ట్‌వేర్, ఫైలు లేదని ఎర్రగా ఒక లైను. తప్పు నాదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నాన్-ఫ్రీ (ఓపెన్ సోర్స్ కాని) ఫర్మ్‌వేర్ వద్దన్నాను.

ముందు డీఎస్‌పీ (సౌండ్‌ని ప్రాసెస్ చేసే చిప్) డ్రైవర్ ఆప్షన్‌ని 1కి, అంటే డీఎస్‌పీని వాడని పాత డ్రైవర్‌కి, మార్చి చూశాను. స్పీకర్లు మోగాయి కానీ మైకు రాలేదు. లోపలి డిజిటల్ మైకులు ఆ డీఎస్‌పీ ద్వారానే పనిచేస్తాయట. చెల్లి ఆన్‌లైన్ క్లాసులు దీని మీదే కాబట్టి మైకు లేకుండా కుదరదు. ఆ మార్పు తీసేశాను.

తర్వాత సోర్సెస్ లిస్టులో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫైలు) నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగం చేర్చి, ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్ ప్యాకేజీ వేసి రీబూట్ చేశాను. కార్డు పేరు కనిపించింది, శబ్దం మాత్రం లేదు! మళ్లీ టెన్షన్. ఆల్సామిక్సర్ (టెర్మినల్‌లో వాల్యూమ్ మార్చే ప్రోగ్రామ్) తెరిస్తే స్పీకర్ గడి కింద ఎంఎం అని ఉంది, అంటే మ్యూట్. ఎమ్ కీ నొక్కగానే సౌండ్ వచ్చింది.

నిన్న చెల్లి క్లాసులో మాట్లాడింది, అవతలివాళ్లకి స్పష్టంగా వినిపించిందట. డీమెసేజ్ చూడమన్నవారికి చాలా థ్యాంక్స్ అండీ.