మైక్రోన్యూక్లియస్ పగిలితే చాలు, ఇమ్యూనిటీ మేలుకుంటుందా?

పిపెట్_బాబు:
2017లో వచ్చిన రెండు నేచర్ పేపర్లతో ఈ వాదన ముగిసిందనే నా లెక్క. క్యాన్సర్ కణం చీలేటప్పుడు వెనకబడ్డ క్రోమోజోము విడిగా పొర చుట్టుకుని మైక్రోన్యూక్లియస్ (చిన్న అదనపు కేంద్రకం) అవుతుంది. దాని పొర చిట్లితే డీఎన్ఏని పసిగట్టే సీగ్యాస్ అనే ఎంజైమ్ వచ్చి దానికి అతుక్కుంటుంది. ఏటీపీ, జీటీపీ కలిపి సీజీఏఎంపీ అనే సంకేత అణువును చేస్తుంది. అది స్టింగ్, ఆపైన టీబీకే1, ఐఆర్ఎఫ్3 అనే ప్రోటీన్లను లేపితే ఇమ్యూనిటీని మేల్కొలిపే ఇంటర్‌ఫెరాన్ మొదలు.

హిస్టోన్‌రావు:
అతుక్కోవడం వేరు, పనిచేయడం వేరండీ. మైక్రోన్యూక్లియస్‌లో ఉండేది ఒట్టి డీఎన్ఏ కాదు, హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టిన డీఎన్ఏ, అంటే క్రోమాటిన్. హెచ్2ఏ-హెచ్2బీ అనే హిస్టోన్ల మీది ఆమ్ల భాగం సీగ్యాస్‌ని పట్టేసి పనిచేయనివ్వదని 2020 నాటి నిర్మాణ చిత్రాలు చూపించాయి. జీఎఫ్‌పీ (మెరిసే ప్రోటీన్) తగిలించి ఎక్కువగా తయారుచేయించిన సీగ్యాస్ చుక్కలా మెరిస్తే అది సిగ్నల్ కాదు. సీజీఏఎంపీని ఎలైసా పరీక్షతో కొలిచారా? ఐఆర్ఎఫ్3 లేచిందని చూపే ఫాస్ఫో-ఐఆర్ఎఫ్3 బ్లాట్ (ప్రోటీన్ పరీక్ష) ఉందా?

పిపెట్_బాబు:
మరి రేడియేషన్ ఇచ్చిన కణాల్లో ఇంటర్‌ఫెరాన్ వెంటనే రాదు, కొన్ని రోజులు పడుతుంది. సీడీకే1 అనే ఎంజైమ్‌ని ఆపి మైటోసిస్ (కణ విభజన) జరగనివ్వకపోతే అసలు రాదు. మైక్రోన్యూక్లియస్ కాక మైటోకాండ్రియా డీఎన్ఏ కారణమైతే విభజనతో పనేముంది?

హిస్టోన్‌రావు:
మంచి పాయింటే, కానీ మైటోసిస్‌లో పుట్టేది మైక్రోన్యూక్లియస్ ఒక్కటేనా? రెండు పిల్లకణాల మధ్య సాగిన క్రోమాటిన్ వంతెనలే అసలు కారణమని 2021లో ఒక పేపర్ వాదించింది. లాగుడికి హిస్టోన్లు ఊడి డీఎన్ఏ బయటపడుతుందేమో. విభజనను ఆపితే రెండూ పోతాయి, కాబట్టి ఆ కంట్రోల్ వీటిని విడదీయదు.

గ్రే_లెక్క:
డోసు మాట ఎవరూ ఎత్తడం లేదు. ఒకేసారి 12-18 గ్రేలు (రేడియేషన్ డోసు కొలత) దాటితే ట్రెక్స్1 అనే ఎంజైమ్ పెరిగి సైటోప్లాజంలోని డీఎన్ఏని తినేస్తుంది. ఎలుకల్లో 8 గ్రేల చొప్పున 3 సార్లు ఇస్తే వచ్చిన స్పందన 20 గ్రేలు ఒకేసారి ఇస్తే రాలేదు. ఇద్దరూ ట్రెక్స్1 జన్యువు తీసేసిన (నాకౌట్) కణాల్లో మళ్లీ చూడండి. ముందు ఇంకో రెండు చెక్ చేయండి: మైకోప్లాస్మా బ్యాక్టీరియా సోకితే సీగ్యాస్ దానికదే లేస్తుంది, ల్యాబ్‌లో వాడే హెచ్ఈకే293టీ కణాల్లో సీగ్యాస్, స్టింగ్ రెండూ దాదాపు ఉండవు, అందులో 'రాలేదు' అంటే అర్థం లేదు.

పిపెట్_బాబు:
సరే, వంతెన సంగతి ఒప్పుకుంటాను. కానీ ట్రెక్స్1 లేనప్పుడు కూడా మైక్రోన్యూక్లియస్‌లు మాత్రమే ఉన్న, వంతెనలు లేని కణాలను ఏరి సీజీఏఎంపీ కొలిచే దాకా నా వాదన వదలను.