బావ దుబాయ్‌ల, అక్కకు నిద్ర పడ్తలేదు, ఏం చేయాలె?

మాది జగిత్యాల దిక్కు. బావ దుబాయ్ పోయి నాలుగేండ్లైంది, అక్క ఇద్దరు పిల్లలు, అత్తతోని ఇంటికాడ ఉండి బీడీలు చేస్తది. ఆర్నెల్ల సంది నిద్ర లేదు, గుండె దడ అంటది, ఫోన్ల బావకు మాత్రం మంచిగనే ఉన్నం అని నవ్వుకుంట చెప్తది, పెట్టేసినంక చేటల తునికాకు అట్లనే పెట్టుకొని గోడ దిక్కు చూసుకుంట కూసుంటది. బీపీ నార్మలే. ఊరి ఆర్‌ఎంపీ కాడికి పోయినప్పుడల్లా గ్లూకోజ్ ఎక్కిస్తడు (అదొక్కటే తెల్సు ఆయనకు). మానసిక డాక్టర్‌కు చూపిద్దామంటే ఊరోళ్లు పిచ్చిదంటరని అత్త ఒప్పుకుంటలేదు, ఎట్ల ఒప్పియ్యాలె? సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416)ల ఫ్రీగా తెలుగుల మాట్లాడొచ్చు కదా, ఎవరన్న చేసిన్రా, నిజంగ పనికొచ్చిందా? బావకు చెప్పాల్నా వద్దా? చెప్తే వీసా అప్పు తీరకముందే వాపస్ వస్తడేమోనని అక్క భయం.