పవర్‌ఎడ్జ్ ఆర్740: ఇంటిగ్రేటెడ్ డివైజెస్ పేజీలో ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు?

ర్యాక్‌గది:
డెల్ ఆర్740 సర్వర్, 192 జీబీ ర్యామ్. ఇంటిగ్రేటెడ్ నెట్‌వర్క్ కార్డు 4 పోర్టుల ఇంటెల్ ఎక్స్710. ప్రాక్స్‌మాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వీఎంలకి ఎస్ఆర్-ఐఓవీ (ఒకే కార్డుని పలు వర్చువల్ కార్డులుగా పంచే పద్ధతి) ఇవ్వాలి, కానీ వీఎఫ్‌లు (ఆ వర్చువల్ కార్డులు) క్రియేట్ చేయబోతే ఎర్రర్. ఎక్స్16 స్లాట్‌లో (16 లేన్లు, అంటే 16 డేటా దారులు) పెట్టిన ఎమ్.2 ఎస్‌ఎస్‌డీ అడాప్టర్‌లో నాలుగు డ్రైవ్‌లకి ఒకటే కనిపిస్తోంది. పైగా ఆడిట్ వాళ్ళు యూఎస్‌బీ పోర్టులు, వీడియో ఆపేయమంటున్నారు. ఎఫ్2 కొట్టి సిస్టమ్ బయోస్‌లో ఇంటిగ్రేటెడ్ డివైజెస్ దాకా వెళ్ళాను. ఇక్కడ ఏవి మార్చాలి?

బేర్‌మెటల్_బాబు:
ముందు ఎస్ఆర్-ఐఓవీ సంగతి. దానికి మూడు చోట్ల అనుమతి కావాలండి. ఒకటి ప్రాసెసర్ సెట్టింగ్స్‌లో వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఇది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. రెండోది మీరు చూస్తున్న పేజీలోని ఎస్ఆర్-ఐఓవీ గ్లోబల్ ఎనేబుల్. డిఫాల్ట్‌గా ఆఫ్. అందరూ దీన్ని ఆన్ చేసి పనైపోయిందనుకుంటారు. మూడోది సిస్టమ్ సెటప్ మెయిన్ మెనూకి వెనక్కొచ్చి డివైజ్ సెట్టింగ్స్, అందులో కార్డు పోర్టు, అందులో డివైజ్ లెవెల్ కాన్ఫిగరేషన్. అక్కడ వర్చువలైజేషన్ మోడ్ "నన్" అని ఉంటే ఎస్ఆర్-ఐఓవీకి మార్చాలి. వాడే ప్రతి పోర్టుకీ తెరిచి చూసుకోండి, ఒక్క పోర్టు చూసి వదిలేయొద్దు.

గ్లోబల్ ఆఫ్‌లో ఉంటే కెర్నల్ లాగ్‌లో వీఎఫ్‌లకి ఎంఎంఐఓ (డివైజ్‌లకి కేటాయించే మెమరీ అడ్రస్ స్థలం) వనరులు చాలలేదనే మాట కనిపిస్తుంది. అది చూసి ర్యామ్ తక్కువైందనుకోవద్దు. బయోస్ ఆ వీఎఫ్‌లకి అడ్రస్ స్థలం కేటాయించలేదని అర్థం, అంతే.

కెర్నల్‌కాఫీ:
ఓఎస్ వైపు రెండు మాటలు. ప్రాక్స్‌మాక్స్ కెర్నల్ 6.8 కంటే పాతదైతే బూట్ లైన్‌లో ఇంటెల్ ఐఓఎంఎంయూ (డివైజ్‌లని వీఎంలకి సురక్షితంగా అప్పగించే ఫీచర్) ఆన్ అని మీరే రాయాలి. ఇక 4 వీఎఫ్‌లు ఉన్నచోట 8 కావాలంటే వీఎఫ్‌ల సంఖ్య దగ్గర నేరుగా 8 రాస్తే "డివైజ్ బిజీ" అంటుంది. ముందు 0 రాసి, తర్వాత 8 రాయాలి. రీబూట్ అయితే ఆ అంకె పోతుంది కాబట్టి బూట్ అప్పుడు తనంతట నడిచే సిస్టమ్‌డీ సర్వీస్‌లో పెట్టుకోండి.

స్లాట్‌శాస్త్రి:
ఎమ్.2 సమస్య బైఫర్కేషన్‌దే. మీ అడాప్టర్‌లో పీసీఐఈ స్విచ్ చిప్ (లేన్‌లని తానే పంచే చిప్) లేదన్నమాట. అలాంటి కార్డుకి ఎక్స్16 లేన్‌లని బయోసే నాలుగు ఎక్స్4లుగా విడగొట్టాలి. అదే పేజీ కింద స్లాట్ బైఫర్కేషన్‌లోకి వెళ్తే ప్లాట్‌ఫామ్ డిఫాల్ట్ అని ఉంటుంది. దాన్ని మాన్యువల్‌కి మార్చితేగానీ కింద స్లాట్ల వారీ ఎంపికలు తెరుచుకోవు. మీ స్లాట్‌కి ఎక్స్4 బైఫర్కేషన్ ఎంచుకోండి.

రైజర్ (స్లాట్లు ఉండే అదనపు బోర్డు) కూడా చూడండి. పైకి ఎక్స్16 సైజులో కనిపించే స్లాట్‌కి లోపల ఎక్స్8 వైరింగే ఉండొచ్చు. అప్పుడు ఎన్ని తిప్పలు పడ్డా రెండు డ్రైవ్‌లకి మించి రావు.

కెర్నల్‌కాఫీ:
శాస్త్రి గారు చెప్పింది చేసేముందు ఒక జాగ్రత్త. బైఫర్కేషన్ మార్చినా, స్లాట్ డిసేబుల్ చేసినా పీసీఐ బస్ నంబర్లు జరగొచ్చు. ఇంటిగ్రేటెడ్ కార్డు పేర్లు సాధారణంగా నిలబడతాయి, కానీ బస్ నంబరుతో పేరు పెట్టుకున్న యాడ్-ఆన్ కార్డు పేరు మారిపోతుంది. ప్రాక్స్‌మాక్స్ నెట్‌వర్క్ బ్రిడ్జ్ కాన్ఫిగ్‌లో పాత పేరే ఉంటుంది, నెట్‌వర్క్ పోతుంది. ముందే మ్యాక్ అడ్రస్‌కి పేరు కట్టేయండి.

ఇంతకంటే ప్రమాదం పాస్‌త్రూ (డివైజ్‌ని నేరుగా వీఎంకి అప్పగించడం). వీఎం కాన్ఫిగ్‌లో పాత పీసీఐ అడ్రస్ అలాగే ఉంటే, ఆ అడ్రస్‌కి ఇప్పుడు వచ్చి కూర్చున్న వేరే డివైజ్ వీఎంకి వెళ్తుంది. అది డేటా ఉన్న డ్రైవ్ అయితే చెప్పక్కర్లేదు. పాస్‌త్రూ వీఎంల ఆటోస్టార్ట్ ఆపి, అడ్రస్‌లు సరిచూశాకే ఆన్ చేయండి.

బేర్‌మెటల్_బాబు:
ఆడిట్ సంగతికొస్తే, యూజర్ యాక్సెసిబుల్ యూఎస్‌బీ పోర్ట్స్‌ని "ఓన్లీ బ్యాక్ పోర్ట్స్ ఆన్" చేస్తే చాలామంది ఒప్పుకుంటారు. మొత్తం ఆపాల్సి వస్తే ముందు ఐడ్రాక్ (డెల్ రిమోట్ నిర్వహణ కంట్రోలర్) లాగిన్, వర్చువల్ కన్సోల్ రెండూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ఇంటర్నల్ యూఎస్‌బీ వేరే ఆప్షన్. లోపలి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే సర్వర్లలో దాన్ని కదపొద్దు.

ఎంబెడెడ్ వీడియో కంట్రోలర్ మాత్రం ఆపొద్దని రాతపూర్వకంగా వాదించండి. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు దాన్ని ఆపితే ఐడ్రాక్ వర్చువల్ కన్సోల్ బొమ్మ పోతుంది. వేరే కార్డు లేకపోతే మీరు డిసేబుల్ అన్నా అది ఎనేబుల్‌గానే ఉంటుంది, కింద కరెంట్ స్టేట్ లైన్‌లో చూడొచ్చు. రెండు విధాలా లాభం లేదు.

ర్యాక్‌గది:
వాడని నెట్‌వర్క్ పోర్టులు? ఐడ్రాక్ షేర్డ్ పోర్టు మీద (సర్వర్ నెట్‌వర్క్ పోర్టునే వాడుతూ) ఉంది, అందుకే భయం.

స్లాట్‌శాస్త్రి:
ఇంటిగ్రేటెడ్ నెట్‌వర్క్ కార్డు ఆప్షన్‌లో ఎంపిక పేరే "డిసేబుల్డ్, ఓఎస్". ఓఎస్‌కి కార్డు కనిపించదు, ఐడ్రాక్ షేర్డ్ యాక్సెస్ మాత్రం ఉండొచ్చు. కానీ మీకది కుదరదు. ఆ ఆప్షన్ కార్డు మొత్తానికి, మీ వీఎఫ్‌లు ఆ కార్డు మీదే. వాడని పోర్టులని స్విచ్ వైపు షట్ చేసేయండి. స్లాట్ కార్డు నుంచి బూట్ అవ్వకూడదంటే స్లాట్ డిసేబుల్‌మెంట్‌లో "బూట్ డ్రైవర్ డిసేబుల్డ్" సరిపోతుంది, ఓఎస్‌లో కార్డు పనిచేస్తూనే ఉంటుంది.

ఎంఎంఐఓ బేస్ (ఆ అడ్రస్ స్థలం మొదలయ్యే చోటు) జోలికి వెళ్ళొద్దు. 512 జీబీకి పెడితే ర్యామ్ పరిమితి దానికంటే కిందకి దిగుతుంది. పెద్ద జీపీయూ పెట్టాక డ్రైవర్‌కి కార్డు దొరకకపోతే ముందు "మెమరీ మ్యాప్డ్ ఐఓ 4 జీబీ పైన" ఆన్‌లో ఉందో చూడండి.

కెర్నల్‌కాఫీ:
ఇవే సెట్టింగ్స్ పది సర్వర్లకి పెట్టాలంటే ర్యాక్‌ఎడిఎమ్ (ఐడ్రాక్ కమాండ్ లైన్ టూల్) వాడండి. సెట్ కొట్టగానే మార్పు అమల్లోకి రాదు, పెండింగ్‌లో ఉంటుంది. బయోస్ జాబ్ క్రియేట్ చేసి రీబూట్ అయితేనే పడుతుంది. పాత జాబ్ క్యూలో ఉంటే కొత్త మార్పులు తీసుకోదు, దాన్ని తీసేయాలి. సిస్టమ్ లాక్‌డౌన్ మోడ్ (సెట్టింగ్స్ మార్చనివ్వని తాళం) ఆన్‌లో ఉన్నా అంతే.