తిరుపతి నుంచి తలకోనకు రోడ్ సైకిల్ మీద: భాకరాపేట ఘాట్ ఎక్కగలనా?

ప్రశ్న: అన్నలూ, ఆరు నెలలుగా రోజూ చంద్రగిరి కోట దాకా వెళ్లి వస్తున్నాను, ఇప్పుడు తలకోన జలపాతానికి వెళ్లాలని గట్టిగా ఉంది. ఘాట్ అంటేనే టెన్షన్. వెనక పెద్ద పళ్లచక్రం 28 పళ్లదే, సరిపోతుందా?

జవాబు 1: వెళ్లు తమ్ముడూ. ఒకవైపే 50 కి.మీ. పైన ఉంటుంది. రంగంపేట దాకా హాయిగా తొక్కుతావు, అది దాటాక అడవి, ఎక్కుడు మొదలవుతాయి. పెద్ద చక్రానికి 32 పళ్లుండే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్) వేయించుకుంటే మోకాళ్లకు సుఖం. మొదట్లోనే ఊపిరంతా ఖర్చు చేయొద్దు, మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కు.

జవాబు 2: ఎక్కడం కంటే తిరుగు ప్రయాణమే జాగ్రత్త. నేను ఒకసారి బ్రేకు వదలకుండా పట్టుకునే దిగాను, రిమ్ము కాలిపోయేంత వేడెక్కి ట్యూబు పేలింది, ఎడమ పక్క మట్టిలోకి తిప్పబట్టి బతికాను. మలుపుకు ముందే వేగం తగ్గించి, తర్వాత బ్రేకు వదిలేయాలి. లారీలు, బస్సులు మలుపులో మన వైపుకు వచ్చేస్తాయి.

జవాబు 3: తెల్లారాకే బయలుదేరండి, చీకటి పడేలోపు కిందికి వచ్చేయండి, శేషాచలంలో ఏనుగులు తిరుగుతాయి. నీళ్లు రంగంపేటలో ఒకసారి, భాకరాపేటలో ఒకసారి నింపుకోండి, మధ్యలో ఘాట్‌లో దొరుకుతాయని నమ్ముకోవద్దు. వానలు పడ్డాక వెళ్తే 270 అడుగుల జలపాతం నిండుగా దూకుతుంది, అది చూడటానికైనా ఆ ఎక్కుడు ఎక్కాలి.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అన్నా, రేపే క్యాసెట్ మార్పించుకుంటా. ఆదివారం ఎవరైనా తోడు వస్తారా?