పాత కారుకు వింటేజ్ నంబరు, పాత లారీకి తుక్కు షెడ్డా?

కావలి కుర్రోడు
2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అదీ టూవీలర్లకు, కార్లకు మాత్రమే. లారీకి ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. గూడూరు అభ్రకం, మార్కాపురం పలకలు, కందుకూరు పొగాకు, నెల్లూరు బియ్యం ఊరు దాటించింది కార్లా? మా మేనమామ షెడ్డు వెనక టాటా బెంజి లారీ ఒకటుంది. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్లు బెంజి వాళ్లతో ఒప్పందం మీద చేసిన బళ్లలో అదొకటి. బానెట్ ముందు మూడు కొమ్మల నక్షత్రం ఇంకా ఊడలేదు. ఇప్పుడు దాన్ని కిలోల లెక్కన అడుగుతున్నారు. మీరేమంటారు?

చీమకుర్తి లారీ ఓనర్
తమ్ముడూ, నేను ఒప్పుకోను. లారీకి నంబరు ఇచ్చిన మరుసటి వారమే ఎవడో ఒకడు దాని మీద ఇసుక లోడు వేస్తాడు. మన హైవే ఇప్పుడు సింగిల్ రోడ్డు నంబర్ 5 కాదు, 16. కార్లు వంద మీద పోతుంటాయి. ఆ బ్రేకులతో లోడు బండి అక్కడికి ఎక్కితే ప్రాణాలు పోతాయి. 15 ఏళ్లు దాటిన హెవీ బండికి 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ ఫీజు 12,500 చేశారు. అప్పుడే నా పాత బళ్లు అమ్మేశాను, మంచి పనే చేశాననుకుంటున్నాను. జ్ఞాపకాలు వేరు, రోడ్డు వేరు.

నెల్లూరు పాత డ్రైవర్
ఇద్దరి మాటా చదివాను. అలాంటి బళ్లు తోలినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ఆ గేర్లు ఊరికే పడవు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, ఇంజన్ మోత వినాలి, మళ్లీ తొక్కి అప్పుడు వెయ్యాలి. కిందికి మార్చేటప్పుడైతే మధ్యలో యాక్సిలరేటర్ కాస్త ఇవ్వాలి. చెవి సరిగ్గా లేనివాడు డబుల్ క్లచ్ బండి తోలలేడు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్‌లో, ఎక్కిన గేరులోనే దిగాలని మా గురువు నేర్పాడు. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ములు కాలిపోయి, సరిగ్గా కావలసినప్పుడు బ్రేకు పట్టదు. డీజిల్ లైనుకు ఎయిర్ పట్టిందంటే ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ కూర్చోవాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి తేటగా డీజిల్ కారుతుంది. అప్పుడు బిగించి సెల్ఫ్ కొడితే బండి లేచేది. అర్ధరాత్రి తడ చెక్‌పోస్టు లైన్లో ఆగిపోయినా ఏ కంపెనీకీ ఫోన్ చేసే పని లేదు. ఆ ధైర్యం నాకు ఈ సెన్సర్ బళ్లలో రాదు.

అయినా ఆ కాలమే బాగుండేదని మాత్రం అనను. పవర్ స్టీరింగ్ లేదు. లోడు బండిని సందులో తిప్పితే రాత్రికి భుజాలు పైకి లేచేవి కావు. తర్వాత వచ్చిన టాటా 1210 మోడల్ లారీలో ఇంజన్ సగం క్యాబిన్లోకే ఉండేది. ఎండాకాలం ఎడమ కాలు కాలిపోతుంటే గోనెసంచి తడిపి కప్పుకునేవాళ్లం. 2025 నుంచి కొత్త లారీలకు క్యాబిన్లో ఏసీ ఉండాల్సిందే అన్నారని తెలిసి ఎంత సంతోషించానో. ఇవన్నీ ఇప్పటి పిల్లలకు నోటితో చెబితే నమ్మరు. బండి కళ్లముందుండాలి, ఎక్కి ఆ స్టీరింగ్ ఒకసారి తిప్పి చూడాలి. అందుకే దాన్ని తుక్కుకు వెయ్యొద్దంటున్నాను.

కావలి కుర్రోడు
ఓనర్ అన్నా, వీఏ నంబరు ఉన్న కారునైనా రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, ఆయిల్ కొట్టించుకోవడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. వ్యాపారానికి అసలు వాడకూడదు. అదే షరతు లారీకీ పెట్టమంటున్నాను.

చీమకుర్తి లారీ ఓనర్
కాగితం మీద షరతు బాగానే ఉంటుంది. రాత్రిపూట ఇసుక బళ్లను ఇప్పుడు ఎంతమంది ఆపుతున్నారు? నంబరు వద్దు, ఒంగోలులోనో నెల్లూరులోనో జనం చూసేచోట నిలబెట్టండి. షెడ్డు ఖర్చులో నా వంతు ఇస్తాను, మాట ఇస్తున్నా.

నెల్లూరు పాత డ్రైవర్
నిలబెట్టినా సరే, ఇంజన్ ఆడాలి బాబూ. ఆడని బండి చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మీ మామయ్యకు ముందు ఇది చెప్పు. ఎవరి మాటో విని బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. ఇన్నేళ్లు ఆగిన బండికి పిస్టన్లు పట్టేసి ఉంటాయి. ఇంజెక్టర్లు విప్పి ఆ రంధ్రాల్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, రెండు మూడు రోజులు వదిలెయ్యండి. తర్వాత బండిని న్యూట్రల్‌లో ఉంచి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే ఇక్కడ రాయి, నేనే వస్తాను.