వివాల్డీ ‘వసంతం’ రెండో భాగంలో వయోలా అంత గట్టిగా వాయించాలా?

కమాను
మూడు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, ఒక కీబోర్డుతో ఇటలీ స్వరకర్త వివాల్డీ రాసిన ‘వసంతం’ (ఆయన రచనల జాబితాలో ఆర్‌వీ 269) సాధన చేస్తున్నాం. రెండో భాగం లార్గో (నెమ్మది నడక) దగ్గర పేచీ వచ్చింది. పైన ‘ఎప్పుడూ పియానిస్సిమో’ (అతి తక్కువ ధ్వనితో) అని ఉంది. వయోలా పార్టులో మాత్రం ‘ఎప్పుడూ చాలా గట్టిగా, చీల్చినట్టు’ అని ఉంది. ఏది పాటించాలి? రెండో సందేహం: రెండో వయొలిన్ వాయించేవారిది కర్ణాటక శిక్షణ. స-ప-స-ప శ్రుతి నుంచి పాశ్చాత్య శ్రుతికి మారడానికి ఏం చెయ్యాలి?

బాస్ గీత
రెండూ పాటించాలండీ, ఎవరి పార్టులో ఉన్నది వారు. అది ముద్రణలో పొరపాటు కాదు. ఇక్కడ సోలో వయొలిన్ నిద్రపోతున్న మేకలకాపరి. మిగతా రెండు వయొలిన్లు ఆకుల గలగల. వయోలా మొరిగే కుక్క. ఇవన్నీ వివాల్డీ రాయించిన మాటలే. ఈ రచన ఉన్న సంపుటి ఓపస్ 8 ఆమ్‌స్టర్‌డామ్‌లో 1725లో అచ్చయినప్పుడు ఒక్కొక్కరికీ విడి పార్టు పుస్తకంగానే వచ్చింది. కాబట్టి తాను గట్టిగా వాయించాలన్న సంగతి వయోలా కళాకారుడికి తన పుస్తకంలోనే కనపడేది. సానెట్లతో (పద్నాలుగు పాదాల పద్యాలతో) వివరణ చేర్చి ఇస్తున్నానని తన పోషకుడు కౌంట్ మోర్జిన్‌కి అంకితమిస్తూ రాశాడు కూడా. ఆ సానెట్ పాదాలకి గుర్తుగా పెట్టిన ఏ, బి, సి అక్షరాలు స్వరాల మీద కూడా ఉంటాయి. మీ కాపీలో అవి లేకపోతే వేరే ప్రతి వెతకండి. అవి లేకుండా ఈ రచన సాధన చెయ్యడం దండగ.

ఇక వాయించడం. వయోలా జంట దెబ్బలు రెండూ కమాను మడమ (చేత్తో పట్టుకునే కొస) దగ్గర, రెండూ కిందికే లాగాలి. మధ్యలో కమాను ఎత్తి మళ్ళీ పెట్టాలి. దెబ్బ పడగానే తీగ మీద నుంచి వదిలెయ్యాలి. నొక్కి పట్టుకుంటే అరుపు పోయి గురక వస్తుంది. ఆకుల వయొలిన్లు కమాను పై సగంతో, ఫింగర్‌బోర్డు వైపు జరిపి వాయించాలి. అక్కడ చుక్క పెట్టిన జంట స్వరాలున్నాయి. అలసట వచ్చేకొద్దీ ఆ చుక్క కరిగిపోయి మూడు స్వరాల ఊగుడులా తయారవుతుంది. నిమిషానికి 50 తాళంతో మెట్రోనోమ్ పెట్టి, ఆ ఇద్దరినీ విడిగా కూర్చోబెట్టి సరిచెయ్యండి. వయోలాని తగ్గిస్తే ఈ తప్పు బయటపడదు, భాగం మాత్రం చప్పగా అయిపోతుంది.

మరొకటి: ఈ లార్గోలో బాసు (కింది ఆధార గీత) లేదు. చెల్లో, కీబోర్డు ఊరుకోవాల్సిందే. ఖాళీగా ఉందని కీబోర్డుతో కార్డులు (కలిపి మోగే స్వరాలు) నింపితే కాపరికి నిద్ర పట్టదు. కీబోర్డువారికి చేతినిండా పని కావాలంటే ఇదే సంపుటిలోని ‘శరదృతువు’ రెండో భాగం ఉంది. అక్కడ ఆర్పెజ్జియో (కార్డు స్వరాల్ని ఒకదాని తర్వాత ఒకటిగా) వాయించమని హార్ప్సికార్డుకే (ఆనాటి కీబోర్డు వాద్యం) పేరుపెట్టి రాశాడు.

నాలుగో తీగ
శ్రుతి సంగతి. ఇప్పుడు ఐదు శ్రుతిలో (షడ్జం జి) ఉంటే పని సులువు. అప్పుడు తీగలు జి-డి-జి-డి. కింది రెండూ అలాగే ఉంటాయి, పై రెంటినీ ఒక్కో పూర్తి స్వరం పెంచితే జి-డి-ఏ-ఈ వచ్చేస్తుంది. ఒకేసారి బిగించకండి. అర స్వరం చొప్పున పెంచుతూ, ప్రతిసారీ బ్రిడ్జిని పక్కనుంచి చూడండి. బిరడాలు తిప్పేకొద్దీ దాని తల ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. రెండు చేతులతో వెనక్కి నిలబెట్టకపోతే కూలిపోతుంది. పాత సన్నతీగ అయితే ముందే మార్చెయ్యండి. శ్రుతి రెండు లాంటి కింది స్థాయిలో ఉంటే ఉన్న తీగల్ని లాగవద్దు, కొత్త సెట్టే వెయ్యండి.

అసలు చిక్కు వేళ్ళది. పంచమం తీగకీ పై షడ్జం తీగకీ మధ్య దూరం ఇన్నాళ్ళూ ఐదు అర స్వరాలు, ఇప్పుడు ఏడు. పై తీగ స్వరం ఇంతకుముందు మూడో వేలికి దొరికేది, ఇకమీదట నాలుగో వేలికి దొరుకుతుంది. వారం రోజులు డి, ఏ తీగల మధ్య మాత్రమే మెట్లు వాయించమనండి. మొదటి, మూడో భాగాలు ‘ఈ’ (E) మేజర్‌లో మొదలవుతాయి, అంటే శంకరాభరణం మెట్లే. లార్గో సి షార్ప్ మైనర్. సి షార్ప్‌ని షడ్జం అనుకుంటే నఠభైరవి, నిషాదం తీవ్రమైనచోట కీరవాణి. స్వరస్థానాలు అలా గుర్తుపెట్టుకోవచ్చు గానీ గమకం మాత్రం వద్దు. రెండు వయొలిన్లూ కలిసి కదిలే చోట ఒకరు స్వరాన్ని ఊపితే జత చెడిపోతుంది.

కమాను
ధన్యవాదాలండీ. మొదటి భాగంలో పక్షుల చోట కూడా చెల్లో ఆగాలా?

బాస్ గీత
అవునండీ, సానెట్‌లో ‘బి’ అక్షరం ఉన్నచోట మూడు వయొలిన్లే. సోలో ఒక్కరే మెరవాలనుకోకండి, ముగ్గురూ సమానం. ట్రిల్లులు (పక్క స్వరంతో వేగంగా మార్చి మార్చి వాయించేవి) ముగ్గురివీ ఒకే వేగంతో ఉండనక్కర్లేదు, కానీ మొదలు కచ్చితంగా పడాలి. ‘డి’ దగ్గర ఉరుములొచ్చేసరికి చెల్లో కమాను తీగ మీద సిద్ధంగా ఉండాలి. అక్కడ అర క్షణం ఆలస్యమైనా ఉరుము ఉలిక్కిపడేలా చెయ్యదు.