డ్యూరామాక్స్ ఫ్యూయల్ ఫిల్టర్: కొత్తదాంట్లో డీజిల్ పోసి బిగించాలా, ఖాళీదే బిగించాలా?

డెంటన్_కుర్రాడు:
అన్నలూ, నాది 2006 సిల్వరాడో 2500 హెచ్‌డీ పికప్, ఎల్‌బీజడ్ రకం డ్యూరామాక్స్ డీజిల్ ఇంజన్. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాలి. అదెక్కడుంటుందో చూసినవాళ్లకి నా బాధ తెలుసు. ఇంజన్‌కి కుడిపక్క, బాగా వెనక్కి, దాదాపు ఫైర్‌వాల్‌కి ఆనుకుని. బానెట్ ఎత్తి చూస్తే ఫిల్టర్ హెడ్ (ఫిల్టర్ మర ఎక్కే పై భాగం) మీద నల్లటి ప్రైమర్ బటన్, అంటే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది, కనిపిస్తుంది, ఫిల్టర్ మాత్రం దాని కింద పైపుల మధ్య దాక్కుని ఉంటుంది. పైనుంచి చెయ్యి దూర్చి తీయాలా, చక్రం విప్పి పక్కనుంచి తీయాలా అన్నది ఒక ప్రశ్న. అసలు ప్రశ్న రెండోది. ఇండియాలో మా మామయ్య లారీలకి కొత్త ఫిల్టర్ నిండా డీజిల్ పోశాకే బిగించేవాడు. ఇక్కడ అమెరికాలో తెలిసినాయన అలా చేస్తే ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోతాయని భయపెట్టాడు. ఎవరి మాట వినను?

ఆటోనగర్_బుజ్జి:
మీ మామయ్య మాటే విను తమ్ముడూ. బెజవాడ ఆటోనగర్‌లో పనిచేసి వచ్చినవాణ్ని, ఖాళీ ఫిల్టర్ బిగించి సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే ఏమవుతుందో చూశాను. ఎయిర్ పడుతుంది, బండి అందుకోదు, బ్యాటరీ దిగిపోతుంది, పంపు పొడిగా తిరుగుతుంది. ఈ బండి పంపుకి గ్రీజు, ఆయిల్ అంటూ విడిగా ఏమీ ఉండవు, డీజిలే దానికి ఆయిల్. నింపి బిగిస్తే రెండు నిమిషాల్లో స్టార్ట్. ఇక్కడి యూట్యూబ్ పిల్లలు అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు.

రైల్_ప్రెషర్:
బుజ్జి గారూ, మీ అనుభవాన్ని కాదనను కానీ మీరు చెప్పే బండ్లు వేరు, ఇది వేరు. పాత టాటా, లేలాండ్ లారీల్లో ఇన్‌లైన్ పంపు, ప్రెషర్ కొన్ని వందల బార్‌లే, కాస్త నలక పోయినా నాజిల్ తట్టుకునేది. ఎల్‌బీజడ్‌లో కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) ప్రెషర్ 26,000 పీఎస్ఐ, అంటే దగ్గర దగ్గర 1,800 బార్. ఇంజెక్టర్ లోపల కదిలే ముక్కల మధ్య సందు కొద్ది మైక్రాన్లే. మన వెంట్రుకే 70 మైక్రాన్ల లావు ఉంటుంది, ఇక లెక్క వేసుకోండి. బంకు గన్‌కి పెట్టే ఫిల్టర్లు 10, 30 మైక్రాన్లవే ఎక్కువ. అంటే క్యాన్‌లోంచి మీరు పోసే డీజిల్, ఎంత తేటగా కనిపించినా, ఈ ఇంజన్ లెక్కలో వడకట్టనిదే. దాన్ని ఫిల్టర్ నడిమి బెజ్జంలో పోశారంటే వడకట్టిన వైపు పోసినట్టు. అక్కడినుంచి సీపీ3 అనే హై ప్రెషర్ పంపుకి, రైలుకి, ఇంజెక్టర్లకి వెళ్లేదాకా దాన్ని ఆపే జల్లెడ ఇంకోటి లేదు.

ఇక ఎయిర్ సంగతా, హెడ్ మీద చేతి ప్రైమర్ ఇచ్చిందే అందుకు. ఖాళీ ఫిల్టర్ బిగించు, పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చెయ్యి, బుడగలు పోయి వట్టి డీజిల్ వచ్చేదాకా బటన్ నొక్కు, స్క్రూ బిగించు, బటన్ రాయిలా గట్టిపడేదాకా మళ్లీ నొక్కు. బొటనవేలు నొప్పెడుతుంది, అంతకుమించి ఏమీ కాదు. సెల్ఫ్ కొట్టేలోపే ఫిల్టర్ నిండిపోతుంది, ఇక పంపు పొడిగా తిరిగేదెక్కడ?

ఆటోనగర్_బుజ్జి:
నడిమి బెజ్జంలో పొయ్యమని నేనెప్పుడన్నాను? దాన్ని టేపుతో మూసి, చుట్టూ ఉన్న చిన్న బెజ్జాల్లోంచి నిదానంగా పోస్తాం. అప్పుడు పేపర్ గుండా వడకట్టుకునే లోపలికి దిగుతుంది. మాకూ తెలుసు బాబూ.

రైల్_ప్రెషర్:
అలా అయితే సిద్ధాంతం ప్రకారం తప్పు లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ నిండు ఫిల్టర్‌ని ఆ సందులోకి ఎలా దూర్చుతారు చెప్పండి? అక్కడ నిలువుగా ఎక్కించే చోటే లేదు, వంచి తిప్పి తేవాలి. పోసిందంతా మోచేతి మీదుగా కారి చంకలోకి పోతుంది. మిగిలింది టర్బోకి వెళ్లే ఎగ్జాస్ట్ పైపు మీద పడుతుంది, ఇంజన్ వేడిగా ఉంటే మంటలే. మీ లారీకి క్యాబిన్ ఎత్తితే అన్నీ ఎదురుగా ఉంటాయి. టేపు తియ్యడం మర్చిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కేటీ_మేస్త్రీ:
మీ ఇద్దరూ పోయడం దగ్గరే ఆగిపోయారు. ఈ బండ్లు ఫిల్టర్ మార్చాక మొరాయించేది ఎక్కువగా దానివల్ల కాదు, అడుగున ఉండే, డీజిల్‌లో నీళ్లు చేరితే చెప్పే సెన్సర్ వల్ల. పాత ఫిల్టర్ కింద నుంచి దాన్ని విప్పి కొత్తదానికి ఎక్కించాలి. దానికి ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు రింగు ఉంటుంది. పాత రింగే గట్టిపడిపోయినా, మడత పడినా, అక్కడే కథ మొదలు.

ఎందుకంటే 2001 నుంచి 2016 దాకా వచ్చిన డ్యూరామాక్స్ పికప్‌లకి ట్యాంకులో లిఫ్ట్ పంపు (డీజిల్‌ని ఇంజన్ వైపు నెట్టే పంపు) లేదు. మీ ఎల్‌బీజడ్‌లో సీపీ3 వెనకుండే గేర్ పంపే ట్యాంకు నుంచి డీజిల్ పీల్చుకోవాలి, ఫిల్టర్ ఆ పీల్చే దారిలోనే ఉంది. కాబట్టి లీకు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద అట్టముక్క పరిచి, పొడిగా ఉంది కదా, లీకు లేదు అనుకుంటారు. పొద్దున్నే లేచి సెల్ఫ్ కొడితే అందుకోదు. ప్రైమర్ బటన్ మళ్లీ మెత్తబడి ఉంటుంది, అదే గుర్తు. ఇంకా అనుమానం ఉంటే ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య కాస్త పారదర్శక గొట్టం వేసి చూడండి, బుడగలు కళ్లకే కనిపిస్తాయి.

చక్రం విప్పాలా అన్నదానికి: విప్పు. పైనుంచి తీసేవాళ్లు ఉన్నారు, సన్నటి చేతులున్నవాళ్లకి పనవుతుంది కూడా. కానీ సెన్సర్ వైరు క్లిప్పు పైనుంచి కనపడదు, తడుముకుంటూ లాగితే విరుగుతుంది. కుడి ముందు చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ లైనర్ పక్కకి వంచితే ఫిల్టర్ ముఖాముఖి దొరుకుతుంది. జాక్ ఒక్కటే నమ్ముకోవద్దు, స్టాండ్ పెట్టు. ముందు కింద డ్రెయిన్ తిప్పి ఉన్న డీజిల్ డబ్బాలోకి వంపెయ్, తర్వాత స్ట్రాప్ రెంచ్‌తో (పట్టీ చుట్టి తిప్పే పానా) ఫిల్టర్ విప్పు. పాత రబ్బరు వాషర్ హెడ్‌కే అంటుకుపోయి ఉండొచ్చు, వేలితో తడిమి చూడు. దానిమీద కొత్తది ఎక్కిస్తే మళ్లీ గాలే.

ఫ్రిస్కో_నాయుడు:
ఇంత గోల దేనికి, ఫాస్ కంపెనీదో ఎయిర్‌డాగ్ కంపెనీదో లిఫ్ట్ పంపు కిట్ కొనేసి ఛాసిస్ పట్టాకి ఫిల్టర్లు బిగించుకోండి. నిలబడి మార్చుకోవచ్చు.

కేటీ_మేస్త్రీ:
ఫిల్టర్ మార్చడానికి బద్ధకమై వందల డాలర్ల కిట్టా నాయుడు గారూ? బరువులు లాగేవాళ్లకి, ఇంజన్‌కి పవర్ పెంచుకున్నవాళ్లకి సరే. వారానికోసారి మేకల దాణా తెచ్చుకునే బండికి ఎందుకు?

ఓక్లహోమా_రెడ్డి:
నాది 2012 బండి, ఎల్ఎంఎల్ రకం డ్యూరామాక్స్. మాకు సీపీ3 కాదు, సీపీ4. అది పాడైతే లోపల అరిగిన ఇనప రజను లైన్లకీ ఇంజెక్టర్లకీ మొత్తం పాకుతుంది, వేల డాలర్ల బిల్లు. అందుకే మా బండ్లవాళ్లకి గాలి అంటే ఎక్కువ భయం, బుజ్జి అన్న చెప్పింది నాకు కొంత అర్థమవుతోంది. అయినా నేను ఖాళీదే బిగిస్తాను, కాకపోతే ప్రైమర్ దగ్గర తొందరపడను. బటన్ గట్టిపడ్డాక పది నిమిషాలు ఆగి మళ్లీ నొక్కి చూస్తా. మెత్తబడితే తాళం తిప్పేదే లేదు, ముందు గాలి ఎక్కడ దూరుతోందో వెతుకుతా. 2017 నుంచి వచ్చిన ఎల్5పీ రకం డ్యూరామాక్స్ వాళ్లు అదృష్టవంతులు, ట్యాంకులోనే కరెంటు పంపు పెట్టారు, ఫిల్టర్ కూడా కిందకి ఛాసిస్ మీదకి తెచ్చారు.

ఆటోనగర్_బుజ్జి:
సరే, ఈ బండికి చేతి ప్రైమర్ ఉంది కాబట్టి ఖాళీగా పెట్టుకోమనండి, ఒప్పుకున్నా. ప్రైమర్ లోపలి రబ్బరు పోయి, ఎంత నొక్కినా గట్టిపడని బండి వస్తే మాత్రం నా టేపు పద్ధతే గతి.

రైల్_ప్రెషర్:
అప్పుడు బాగు చేయాల్సింది ప్రైమర్‌ని. దానికి రిపేర్ కిట్ దొరుకుతుంది, వేసేసి మళ్లీ చేత్తోనే నొక్కండి.

ఆటోనగర్_బుజ్జి:
రోడ్డు మధ్యలో ఆగినవాడికి కిట్ ఎవరు తెచ్చిస్తారు?

డెంటన్_కుర్రాడు:
థాంక్స్ అన్నలూ. చక్రం విప్పే చేస్తాను, ఖాళీదే పెడతాను, సెన్సర్‌కి కొత్త ఓ-రింగ్ కూడా ఆర్డర్ పెట్టాను. ఇంకొక్కటి: నా బ్లీడ్ స్క్రూ ప్లాస్టిక్‌ది, గాడి ఇప్పటికే సగం అరిగిపోయింది. ఇనపది వేయాలా, అల్యూమినియంది చాలా?

కేటీ_మేస్త్రీ:
అల్యూమినియంది చాలు. బలం పెట్టి బిగించకు, హెడ్‌లో మర పోతే హెడ్డే మార్చాలి.